సన్యాసినాయుడి లివరు

సుధాంశుకి ఒక జబ్బు ఉండేది. లివరు చూస్తే చాలు, అది ఎవరిదో ఆ మనిషి బతుకంతా అతనికి తెలిసిపోయేది.

అతను విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో పాథాలజీ చదువుతున్న కుర్ర డాక్టరు. ఆపరేషన్లలో కోసి తీసిన ప్రతిదీ అతను పనిచేసే ల్యాబుకి వస్తుంది. పిత్తాశయాలు, పేగు ముక్కలు, గడ్డలు. మార్పిడి చేయించుకున్నవాళ్ల పాత లివర్లయితే మూత ఉన్న తెల్ల బకెట్లో, ఫార్మలిన్‌లో పాడవకుండా మునిగి వస్తాయి. వాటిని తూచి, కొలిచి, పలచగా కోసి, ఏ ముక్కని మైక్రోస్కోపు కింద చూడాలో ఎంచి తీయడం అతని పని.

పనిలో చురుకైనవాడే. చదివింది మరిచిపోడు. కత్తి పట్టడం కూడా బాగా వచ్చు. కాకపోతే బకెట్ మూత తీయగానే అతనికి నాలిక దురద పెట్టేది.

"ఇది హార్బర్లో పనిచేసేవాడిది. మామూలు రోజుల్లో ఒక సీసా, జీతం రోజున రెండు," అనేవాడు. ఇంకోదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయన మాత్రం ఇంట్లో తెలీకుండా తాగాడు. భార్యంటే భయం," అనేవాడు.

అతని కింద పనిచేసే జూనియర్లిద్దరూ కళ్ళింత చేసుకుని వినేవారు. నిజమో కాదో ఎవరూ పోయి కనుక్కోలేదు కాబట్టి అతను చెప్పింది ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

ఆ ల్యాబుకి పెద్ద డాక్టర్ సలోమి. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి. సన్నగా, పొట్టిగా ఉంటారు. ఆవిడ రిపోర్టు వచ్చేదాకా పెద్ద పెద్ద సర్జన్లు కూడా పేషంటుతో ఏమీ చెప్పరు. ఆవిడ మాత్రం ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. కనిపించింది చెబుతారు. కనిపించకపోతే ఊరుకుంటారు.

ఒకసారి సుధాంశు అలా కథ చెబుతుండగా ఆవిడ వెనకనించి వచ్చారు.

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"లివరే చెప్పింది మేడమ్."

ఆవిడ వంగి కాసేపు దాన్ని చూశారు.

"నాతో ఏమీ అనలేదే," అని వెళ్ళిపోయారు.

జూనియర్లు నవ్వారు. సుధాంశు కూడా నవ్వాడు. పాపం మేడమ్‌కి చూపు తగ్గింది అనుకున్నాడు.

*

అనకాపల్లి నించి సన్యాసినాయుడు అనే వ్యాపారి ఆ ఆసుపత్రిలో చేరాడు. లివరు పూర్తిగా పాడైపోయింది. మార్చకపోతే బతకడన్నారు. ఆయన భార్య వరహాలమ్మ తన లివర్లో పెద్ద ముక్క ఇవ్వడానికి ముందుకొచ్చింది. మరోసారి ఆలోచించుకోమని సర్జను సోమయాజులు చెబితే, "దీనికి ఆలోచనేటి బాబూ, నా ఒంట్లో ఏది ఆయనది కాదు గనక," అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆవిడ ముక్క ఆయనలో కుదురుకుంది. ఆయన పాత లివరు బకెట్లోకి వచ్చింది.

ఆ బకెట్‌ని రోగి తరఫు మనిషి ల్యాబుకి తెచ్చి, అప్పగించి, రసీదు తీసుకోవాలి. ఆ పని వరహాలమ్మ తమ్ముడు నూకరాజు మీద పడింది. అతను బకెట్‌ని రెండు చేతులతో, కొబ్బరినూనె డబ్బా మోసినంత జాగ్రత్తగా పట్టుకుని వచ్చి ఇచ్చాడు. రసీదు రాసే అమ్మాయి ఫోన్లో ఉంది. అతను కిటికీ పక్కన నిలబడ్డాడు.

లోపల సుధాంశు మూత తీశాడు. లివరు ముడుచుకుపోయి ఉంది. పైనంతా చిన్న చిన్న బొడిపెలు, కాకరకాయలాగా.

"ఆహా," అన్నాడు. జూనియర్లు దగ్గరికి జరిగారు. "ఇది ముప్పై ఏళ్ల సర్వీసు. బ్రాందీ అనుకునేరు, కాదు. నాటు. మొదట పండగలకి, తరవాత ఆదివారాలకి, చివరికి పళ్ళు తోముకోకముందే."

"ఫైల్లో తాగుడు అలవాటు లేదని ఉంది సార్," అంది జూనియర్. "షుగరు, భారీ ఒళ్ళు, వాటివల్ల లివరుకి కొవ్వు పట్టిందని రాశారు."

"ఫైల్లో అందరూ సన్యాసులే."

"ఈయన పేరే సన్యాసినాయుడు సార్."

ముగ్గురూ నవ్వారు. కిటికీ పక్కన నూకరాజు రసీదు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సుధాంశు లివరుని నాలుగైదు చోట్ల మందంగా కోశాడు. రెండు ముక్కలు తీసి పక్కన పెట్టాడు. మిగతాది బకెట్లో వేసి మూత పెట్టేశాడు. తెలిసిపోయినదాన్ని ఇంకా కోయడం దేనికి?

*

నూకరాజు ఆ మాట కడుపులో దాచుకుందామనే అనుకున్నాడు. కానీ అతని కష్టం అతనికుంది.

అతను ఒకప్పుడు బాగా తాగేవాడు. బావ సన్యాసినాయుడే అతన్ని నలుగురిలో నిలబెట్టి తిట్టి, నూకాలమ్మ గుడికి తీసుకెళ్ళి ఒట్టు వేయించి మాన్పించాడు. అప్పటినించి పెళ్ళిళ్లలో కూడా గ్లాసు ముట్టలేదు. అలాంటిది, ఒట్టు వేయించిన బావ ముప్పై ఏళ్లుగా పళ్ళు తోముకోకముందే పుచ్చుకుంటున్నాడంటే, అతనికి ఏడవాలో కొట్టాలో తెలియలేదు. అక్క కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగేసరికి మాట బయటికొచ్చేసింది.

వరహాలమ్మ అంతా విన్నది. గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు సోమయాజులు రౌండుకి వచ్చినప్పుడు ఇటు తిరిగింది.

"డాక్టరుగారూ, నా ముక్క నాకు తీసిచ్చీండి."

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, అలా వెనక్కి తీయడం కుదరదని చెప్పాడు. అది అప్పుడే ఆయన ఒంట్లో అతుక్కుందనీ, రోజురోజుకీ పెరుగుతుందనీ, మీలో మిగిలిన ముక్క కూడా అలాగే పెరుగుతుందనీ నచ్చచెప్పాడు.

ఆవిడ శ్రద్ధగా వింది.

"పెరిగినంతా ఆయన్నే ఉంచీసుకోమనండి. నేనిచ్చినంత నాకిచ్చీండి," అంది.

ఆ రోజునించీ లేచి నడవమంటే నడవలేదు. ఊపిరి గట్టిగా పీల్చమని గొట్టం చేతికిస్తే పక్కన పెట్టేసింది. భర్తని చూడ్డానికి కుర్చీలో తీసుకెళ్తామంటే అటు తిరిగిపోయింది. ఫోనైనా మాట్లాడమంటే ఫోను దిండు కింద పెట్టింది.

అవతల ఐసీయూలో సన్యాసినాయుడు తెలివిలోకి వచ్చాడు. వచ్చిన దగ్గర్నించీ ఒకటే మాట, వరహాలు ఏదీ అని. బాగుందన్నారు. అయితే చూపించమన్నాడు. రేపన్నారు. రేపు వచ్చింది, వరహాలు రాలేదు. నర్సులు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం ఆయన చూశాడు. ఇక ఆయనకి సంగతి తెలిసిపోయింది. తనకి ముక్కిచ్చి ఆవిడ బల్ల మీదే పోయింది. తను తట్టుకోలేడని అందరూ దాస్తున్నారు.

"నాకెందుకీ మాత్రలు? ఎవరి కోసమని మింగాలి?" అని నోరు బిగించేశాడు.

*

సోమయాజులు స్వయంగా ల్యాబుకి వచ్చాడు. మామూలుగా నెమ్మదిగా మాట్లాడే మనిషే. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు.

"మేడమ్, కొత్త లివర్ని ఒళ్ళు ఒప్పుకోకపోతే దానికి మందులున్నాయి. మనిషే మందులు ఒప్పుకోకపోతే నేనేం చేసేది? భర్త, భార్య పోయిందని మాత్ర మింగనంటాడు. భార్య, భర్త తాగుబోతని మంచం దిగనంటుంది. ఆయన తాగుబోతని మీ ల్యాబులోనే తేల్చారట. రిపోర్టేదండీ?"

సలోమి మేడమ్ సుధాంశువైపు చూశారు. అతను తన బూట్లవైపు చూసుకున్నాడు.

"రిపోర్టు ఇంకా కాలేదు," అన్నారు మేడమ్. "ఇస్తాం."

సోమయాజులు వెళ్ళాక ఆవిడ తిట్టలేదు. తన బల్ల దగ్గరి కుర్చీ లాగి సుధాంశుని కూర్చోమన్నారు. ఖాళీ రిపోర్టు కాగితం ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చారు.

"మొన్న చెప్పావు కదా. అదే రాయి. కింద సంతకం పెట్టు."

ఆవిడ వెళ్ళి తన మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారు.

సుధాంశు రాయబోయాడు. ముప్పై ఏళ్లుగా అని మొదలుపెట్టి ఆగాడు. ముప్పై ఎక్కడినించి వచ్చింది? కొట్టేశాడు. చాలా ఏళ్లుగా అని రాశాడు. అదీ కొట్టేశాడు. నాటు అన్న మాట రాద్దామంటే అది ఏ రంగులో ఉంటుందో, ఏ కణంలో కనిపిస్తుందో గుర్తు రాలేదు. పళ్ళు తోముకోకముందే అన్నది రిపోర్టులో ఏ శీర్షిక కింద వస్తుందో కూడా తెలియలేదు. కాసేపటికి కాగితం మీద మిగిలింది పేషంటు పేరు ఒక్కటే.

"అయిందా?"

"రాయడానికి రావట్లేదు మేడమ్."

"నోటికి బాగానే వచ్చిందే."

అతను చిన్నగా అన్నాడు. "పుస్తకంలో ఉంది మేడమ్. షుగరు, కొవ్వుల వల్ల పాడైన లివరూ, తాగుడు వల్ల పాడైనదీ మైక్రోస్కోపు కింద ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. చూసి ఇదీ అని తేల్చలేం."

"ఎప్పుడు చదివావు?"

"పోయినేడు."

"మరి మొన్న?"

"మొన్న జూనియర్లు ఉన్నారు మేడమ్."

ఆవిడ తల ఊపారు. ఆ జవాబు ఆవిడకి నచ్చినట్టే ఉంది. "ముక్కలన్నీ తీశావా?" అని అడిగారు.

సుధాంశు ఆ ప్రశ్న వినలేదు. అతనికి అప్పటికే ఒక ఆలోచన వచ్చేసింది. ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, మెట్లు దిగి వార్డులవైపు వెళ్ళిపోయాడు.

*

నూకరాజు క్యాంటీన్ బయట బెంచీ మీద దొరికాడు. ముందు మొహం తిప్పుకున్నాడు. సుధాంశు రెండు టీలు తెచ్చి ఒకటి చేతిలో పెట్టాక మాట్లాడాడు.

బావ ఏం తింటాడు, ఏం తాగుతాడు, ఎక్కడెక్కడ తిరుగుతాడు, అన్నీ అడిగాడు సుధాంశు. బావది బెల్లం వ్యాపారమని నూకరాజు చెప్పాడు. అనకాపల్లి మార్కెట్లో బావ నాలిక మీద పెట్టకుండా ఒక్క దిమ్మ కదలదు. తెల్లారి యార్డుకి వెళ్తే పొద్దెక్కేదాకా ఇది చితక్కొట్టి కొంచెం, అది చితక్కొట్టి కొంచెం. షుగరొచ్చాక డాక్టర్లు మానమంటే, తినడం మానేశానండీ, రుచి మాత్రం చూస్తున్నాను, అనేవాడు.

సుధాంశు టీ సగంలో వదిలేసి లేచాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ల్యాబులోకి వచ్చాడు.

"దొరికింది మేడమ్. ఆయన చుక్క ముట్టని మనిషి. అదంతా బెల్లం. నలభై ఏళ్ల బెల్లం ఆ లివర్లో ఉంది. నేను ఇప్పుడే వెళ్ళి ఆవిడతో చెప్పేస్తాను."

సలోమి మేడమ్ చేతికి గ్లవ్స్ వేసుకుంటున్నారు. బల్ల మీద తెల్ల బకెట్ ఉంది.

"మొన్న సారా చూశావు. ఇవాళ బెల్లం చూశావు," అన్నారు. "లివర్ని ఎప్పుడు చూస్తావు?"

పొడుగు కత్తి తీసి, పిడి అతనివైపు తిప్పి అందించారు.

సుధాంశు ఏప్రన్ వేసుకున్నాడు. లివర్ని బకెట్లోంచి తీసి పలక మీద పెట్టాడు. మొన్న తను కోసిన మందపు ముక్కలు ఆవిడ ముందు పడ్డాయి. ఒక్కొక్కటి ఇటుకరాయిలా ఉంది. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కొంచెం ఎడంగా పెట్టి, ఇంత పలచగా అని చూపించారు.

అతను కోయడం మొదలుపెట్టాడు. ప్రతి ముక్కా ఆవిడ అందుకుని, నీళ్ళతో కడిగి, వరసలో పరిచారు. కోసినకొద్దీ సుధాంశుకి మొదట విసుగొచ్చింది. తరవాత చెయ్యి దారిలో పడింది. బొడిపెలు, వాటి మధ్య మచ్చల గీతలు, మళ్ళీ బొడిపెలు. ఆ గోధుమరంగులో సారా లేదు, బెల్లం లేదు, హార్బరు లేదు. ఏ ముక్క చూసినా పక్క ముక్కలాగే ఉంది.

ఒక ముక్క అలా లేదు.

కుడివైపు లోతుగా, శనగగింజంత చోట, రంగు మారింది. అక్కడ మాత్రం లేత ఆకుపచ్చగా ఉంది. వేలితో రాస్తే కొంచెం ఉబ్బెత్తుగా తగిలింది.

అతను కత్తి పక్కన పెట్టాడు.

"ఏం కనిపిస్తోంది?" అన్నారు మేడమ్.

"చిన్న గడ్డ మేడమ్. చుట్టూ ఉన్నవాటికంటే వేరేగా ఉంది. కాన్సరు..." అని ఆగి, సర్దుకున్నాడు. "ఆకుపచ్చగా ఉంది. ఉబ్బెత్తుగా ఉంది. దీన్ని మైక్రోస్కోపులో చూడాలి."

"స్కానింగులో ఉందా?"

"లేదు మేడమ్."

"మొన్న ఉందా?"

సుధాంశు తన మందపు ముక్కల్లో ఆ చోటు ఎక్కడుందో చూశాడు. ఒక ఇటుక మధ్యలో, భద్రంగా ఉంది.

"మొన్న కూడా ఉంది మేడమ్. నేను అంతదాకా కోయలేదు."

"ఎందుకని?"

"తెలుసనుకున్నాను."

మేడమ్ ఆ ముక్కని ఒక చిన్న పెట్టెలో పెట్టి మూత వేశారు. తరవాత అది స్లైడుగా తయారై వచ్చినప్పుడు నిజంగానే కాన్సరని తేలింది. చాలా చిన్నది, లివరుతోపాటే బయటికి వచ్చేసింది. అయినా ఆయన్ని ఇకమీదట ఇంకాస్త కనిపెట్టి చూడాలని, మందులు కొంచెం మార్చాలని సోమయాజులు అన్నాడు. తెలిసింది కాబట్టి సరిపోయిందన్నాడు. తెలియకపోతే ఏమయ్యేదో ఆయన అనలేదు. సుధాంశు అడగలేదు.

*

లివరు కోసిన సాయంత్రమే మేడమ్ అతన్ని వెంటబెట్టుకుని వరహాలమ్మ గదికి వెళ్ళారు.

ఆవిడ గోడవైపు తిరిగి ఉంది. నూకరాజు లేచి నిలబడి, "అక్కా, ఈ బాబే," అన్నాడు. ఆవిడ మెల్లగా ఇటు తిరిగి, సుధాంశుని ఎగాదిగా చూసింది. ఇంత చిన్నవాడని అనుకోలేదు కాబోలు.

"మా ఆయన లివరు నువ్వే చూసేవేటి బాబూ?"

"అవునమ్మా."

"తాగేడా?"

సుధాంశు మేడమ్‌వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు.

"నాకు తెలీదమ్మా."

"మొన్న తెలుసన్నావు గదా."

"అన్నాను."

"ముప్పై ఏళ్లన్నావట. మాకు పెళ్ళయ్యే ఇరవై ఎనిమిదేళ్లు. ఆ మీద రెండేళ్ళూ ఎక్కడ తాగేడో అది కూడా నీకే తెలియాల."

"నాకేమీ తెలీదమ్మా. ఊరికే అన్నాను."

"ఊరికేనా?"

"పక్కన ఇద్దరు వింటుంటే, గొప్పగా ఉంటుందని అన్నాను. తప్పయిపోయింది."

వరహాలమ్మ పొట్ట మీద కుట్లు లాగకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, దిండుకి జారబడి కూర్చుంది.

"సరే. తాగలేదనైనా చెప్పు."

"అది కూడా చెప్పలేనమ్మా. రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి."

"మరింత చదువూ చదివి ఏటి లాభం?"

నూకరాజు కూడా అదే అడగాలనుకున్నట్టు తల ఊపాడు.

ఆవిడ మేడమ్‌వైపు తిరిగింది. "అమ్మా, నా దాంట్లోంచి కూడా చిన్న ముక్క తీసి చూసేరట గదా. నాదెలాగుంది?"

"బాగుందమ్మా," అన్నారు మేడమ్. "అక్కడక్కడా కాస్త కొవ్వుంది. పరవాలేదు."

"కొవ్వా?"

"కాస్తే."

వరహాలమ్మ సుధాంశువైపు చూసింది. "అయితే నేనూ తాగీసినట్టేనేటి బాబూ?"

నూకరాజు ముందు నవ్వాడు. ఆవిడకీ నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. లాగితే ఏడుపొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వూ ఏడుపూ కలిపి కాసేపు అయ్యాక, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మరి నాకు నిజం ఎవరు చెప్తారమ్మా?" అని మేడమ్‌ని అడిగింది. ఈసారి ఆ గొంతులో కోపం లేదు.

మేడమ్ కిటికీ దగ్గర్నించి వచ్చి మంచం పక్కన నిలబడ్డారు.

"ఆయన బతికే ఉన్నాడు కదమ్మా," అన్నారు. "ఆయన్నే అడగండి."

వరహాలమ్మ కాసేపు దుప్పటి అంచు సర్దుకుంటూ కూర్చుంది. తరవాత కాళ్ళు కిందికి దించింది. చెప్పులెక్కడున్నాయో చూడమని తమ్ముడికి చెప్పింది. చక్రాల కుర్చీ తెస్తామంటే వద్దంది.

"నేను పోయేననుకుంటున్నాడట. కుర్చీలో ఎల్తే ఇంకా బెదిరిపోతాడు."

పక్కనించి వేలాడే ట్యూబు సంచీ నూకరాజు పట్టుకున్నాడు. రెండో పక్క భుజం సుధాంశు పట్టుకున్నాడు. ఆ నడవా పొడుగునా ఆవిడ ఒక్కో అడుగూ వేస్తూ, దారిలో మూడుసార్లు ఆగి, "ఇంత దూరం పెట్టేరేటి," అని ఆసుపత్రి కట్టినవాళ్ళని తిడుతూ వెళ్ళింది.

ఐసీయూ అద్దం తలుపు తెరుచుకున్నప్పుడు సన్యాసినాయుడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆవిడ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

"మాత్రలు మింగనంటున్నావట," అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. చెయ్యి చాపి ముందు ఆవిడ మణికట్టు పట్టుకుని చూశాడు, వెచ్చగా ఉందో లేదో అని. తరవాత నోరు తెరిచాడు. మాట్లాడ్డానికేమో అనుకున్నారు. కాదు, మాత్రల కోసం. నర్సు పరిగెత్తుకెళ్ళి తెచ్చింది.

*

రిపోర్టు సుధాంశు రాశాడు. ఒక పేజీలో సగం వచ్చింది. లివరు బరువు, కొలతలు, బొడిపెలు, కొవ్వు, మచ్చలు. పాడవడానికి కారణం ఫలానా అని దీన్ని చూసి తేల్చడం సాధ్యం కాదన్న ఒక వాక్యం. చిన్న గడ్డ గురించి నాలుగు వాక్యాలు. మేడమ్ చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. అతని సంతకానికి కూడా కింద చోటు వదిలారు.

డిశ్చార్జి రోజున వరహాలమ్మ ల్యాబు వెతుక్కుంటూ వచ్చింది. కుట్లు మానాయి. మెడలో గొలుసులు మళ్ళీ వేసుకుంది. కింద కారులో ఆయన కూర్చున్నాడట, మాస్కు పెట్టుకుని, తమ్ముణ్ణి కేకలేస్తున్నాడట.

మేడమ్‌కి దణ్ణం పెట్టింది. సుధాంశుని గుమ్మం పక్కకి పిలిచింది.

"అడిగేను బాబూ."

సుధాంశు ఒకడుగు దగ్గరికి జరిగాడు.

"నా మొహంలోకి చూసి చెప్పమన్నాను. చెప్పీసినాడు. అంతా చెప్పీసినాడు," అంది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. అది కోపమో నవ్వో పోల్చడం కష్టం. "ఏటన్నాడో చెప్పమంటావేటి?"

అతను నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ కాగితం మీద రాయలేని మాట, మైక్రోస్కోపులో కనిపించని మాట, రాత్రుళ్ళు కూడా తనని తినేసిన మాట ఆవిడ నాలిక చివర ఉంది. ఊఁ అంటే చాలు.

లోపల జూనియర్లిద్దరూ పని ఆపేసి ఇటే వింటున్నారు.

"వద్దులెండమ్మా," అన్నాడు సుధాంశు. "అది మీ ఇద్దరి మాట."

వరహాలమ్మ మొహం చిన్నబోయింది. ఎవరితోనైనా చెప్పాలని మెట్లన్నీ ఎక్కి వచ్చినట్టుంది. ఒక్క క్షణం ఆగి, అతను మనసు మార్చుకోడని తెలుసుకుని, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

సుధాంశు లోపలికి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక స్లైడు తీసి పెట్టాడు. తీసేశాడు. ఇంకోటి పెట్టాడు. కింద కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. గేటు దాటిన చప్పుడూ వినిపించింది. ఇక ఉండబట్టలేక మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మేడమ్, మీకు మాత్రం తెలుసుకోవాలని లేదా?"

సలోమి మేడమ్ మైక్రోస్కోపు మీంచి కళ్ళు తీయలేదు.

"చచ్చేంత ఉంది," అన్నారు.